కాలికి సుంకమా?

ఒగుట్టుకు మూడేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులతో తిప్పే మూడుచక్రాల బండి మీద ఇరవై ఏళ్లు కెన్యా, ఉగాండాల మధ్య బుసియా సరిహద్దు దాటుతూ సరుకు మోశాడు. వికలాంగుల బండికి సుంకం లేదు, సోదా లేదు. అందుకే కెన్యా వైపు షావుకార్లు సబ్బులు, వంటనూనె అతని బండికే ఎక్కించేవాళ్లు.

తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. సర్కారు వేసిన జాబితాలో ఉన్న సరుకు ఎవరు మోసినా సుంకం లేదన్నారు; జాబితాలో లేనిదానికి వికలాంగులైనా కట్టాల్సిందేనన్నారు. చిన్న వ్యాపారులంతా పండగ చేసుకున్నారు. ఒగుట్టు బండి మాత్రం ఖాళీ అయింది.

ఆ రోజుల్లోనే ఉగాండా వైపు ఆరోగ్య కేంద్రం నర్సు నెరిమా అతనికి కబురు పెట్టింది. అక్కడి షెడ్డులో చంకకర్రలు, కాళ్లకు బిగించే ఇనుప పట్టీలు చేస్తారు. రెండు నెలలుగా ఆ పని ఆగిపోయింది.

"వాటికి కావాల్సిన సన్న గొట్టాలు కెన్యా నుంచే రావాలి, అన్నా. ఇనుం సామానని సుంకం వేస్తున్నారు, కట్టలేక మానేశాం. తాకా అనే పిల్ల పట్టీ కోసం రోజూ వచ్చిపోతోంది. దానికి మొహం చూపించలేకపోతున్నా."

"నేనూ ఇప్పుడు అందర్లాంటోణ్ణేనమ్మా. అయినా అడిగి చూస్తా," అన్నాడు ఒగుట్టు.

మర్నాడు పొద్దున్నే కెన్యా వైపు గొట్టాలు ఎక్కించుకుని సరిహద్దు కిటికీ ముందు ఆగాడు.

"ఇనుప గొట్టాలు జాబితాలో లేవు," అన్నాడు అధికారి కిప్రోటిచ్.

"ఇవి గొట్టాలు కాదు సారూ, కాళ్లు."

వెనక వరసలో టమాటాల గంపతో ఉన్నావిడ పక్కున నవ్వింది. "కాళ్లయితే నడిచి రమ్మనవయ్యా! మాకు పొద్దెక్కుతోంది."

"నడిపించడానికే తీసుకెళ్తున్నా తల్లీ. కాలికి కూడా సుంకమేస్తే ఎట్లా?"

కిప్రోటిచ్‌కు నవ్వు రాలేదు. లావుపాటి పుస్తకం తీసి చాలాసేపు తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది. వికలాంగుల పరికరాలకూ, వాటి విడిభాగాలకూ సుంకం లేదు. ఆసుపత్రి ఉత్తరం ఉంటే చాలు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం సారూ?"

"ఇన్నాళ్లూ అడిగినోళ్లు లేరు."

ఒగుట్టు గొట్టాలు అక్కడే దించి, అవతల ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఉత్తరం తెచ్చాడు. దాని మీద ముద్ర లేదన్నారు. భుజాలు పీకుతున్నా మళ్లీ వెళ్లొచ్చాడు. సాయంత్రం కిటికీ మూసే వేళకు గొట్టాలు దాటాయి.

పది రోజులకు తాకా కాలికి పట్టీ బిగించారు. గోడ పట్టుకుని ఆరడుగులు వేసి, "బిగుతుగా ఉంది మామా," అని ఒగుట్టునే కసిరింది. అతనికి కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు షెడ్డుకు వారం వారం సరుకు తెచ్చే పని అతనిదే. మొన్న పక్క ఊళ్ల నుంచి ఇద్దరు నర్సులు ఆ ఉత్తరం ఎలా రాయాలో తెలుసుకోవడానికి వచ్చారు. ఒగుట్టుకు చదువు అంతంతమాత్రం. బండి మీద కూర్చుని అతను చెబుతుంటే వాళ్లు రాసుకున్నారు.