మా ఇంటి వైఫై, గోడ అవతలి వాక్యం

భూమి కడుపులో బొగ్గును, దాని మీద మా బతుకులను ఉంచిన దేవునికి స్తోత్రం. షిఫ్టుకు దిగిన మగవాళ్లను ప్రతిరోజూ మళ్లీ వెలుతురులోకి తెచ్చే ఆయన కృపకు స్తోత్రం. కంటికి కనబడని గాలిలో మాట ప్రయాణం చేసే దారి పెట్టింది కూడా ఆయనే. ఆ దారి మాకంటే ముందు మా యారాలి ఇంటికి, అంటే మా మరిది భార్య ఇంటికి వచ్చినందుకు కూడా స్తోత్రం చెప్పాలి. చెబుతున్నాను. మనసులో నుండి వచ్చిందా అని మాత్రం అడగకండి.

మావి కంపెనీ క్వార్టర్లు. మా ఇల్లు, మరిది ఇల్లు పక్కపక్కనే, నడుమ ఒకటే గోడ. వాళ్లు మిరపకాయలు వేయిస్తే మేము తుమ్ముతాం. అత్తమ్మ మంచం మా ముందు గదిలో ఉంటుంది. పొద్దున చాయ వాళ్లింట్లో తాగుతుంది, అన్నం మా ఇంట్లో తింటుంది. ఆమెకు అక్షరం రాదు. ఆపరేషన్ చేయించినా ఒక కంటికి చూపు తిరిగి రాలేదు. అందుకని నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే పొద్దు గూకే వేళ ఆమె పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆదివారపు బడిలో పెరిగినదాన్ని. కంఠతా పోటీలో బహుమతి తెచ్చుకున్నదాన్ని. స్త్రీల కూటంలో వాక్యం చదవాలంటే పాస్టరమ్మ గారు చూసేది నా వైపే.

వచనం అయిపోగానే నేను ఆగేదాన్ని. అత్తమ్మ "అవునయ్యా" అనేది. అది నాతో అనే మాట కాదు, దేవునితో. అయినా ఆ మాట నేనే ఆమె నోట పలికించినట్టు ఉండేది నాకు.

యారాలికి చదవడం సరిగా రాదు. చదివితే ఒత్తులు మింగేస్తుంది. వంట నాకంటే బాగా చేస్తుంది, నవ్వితే నాకంటే బాగుంటుంది, మరిది ఆమె మాట జవదాటడు. ఇవన్నీ ఓర్చుకున్నాను, చదవడం నాది కాబట్టి.

పిల్లల చదువు కోసమని వాళ్లింట్లో వైఫై పెట్టించుకున్నారు. పెట్టిన వారంలోనే ఒక సాయంత్రం నేను గ్రంథం తీసుకుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. గోడ అవతల నుండి ఎవరో మగమనిషి గొంతు వినబడింది. గంభీరంగా, నిదానంగా వాక్యం చదువుతున్నాడు. వెనక మెల్లగా ఏదో సంగీతం. నిలబడి విన్నాను. ఎక్కడా తడబడలేదు. ఒక వచనం దగ్గర అత్తమ్మ గొంతు వినిపించింది, "అవునయ్యా" అని.

ఆమె అన్నానికి వచ్చాక అడిగాను.

"ఏందత్తమ్మా, ఇయ్యాల మనం చదువుకోనే లేదు?"

"ఆడ ఇన్న బిడ్డా. చిన్న కోడలు ఫోన్ల పెట్టింది. ఏం చదువుతున్నడే ఆయన! దగ్గు లేదు, దమ్ము లేదు. నడుమ నీళ్లు సుత తాగడు."

నాకు అన్నం సహించలేదు. ఎవరి మీదైనా ఈర్ష్య కలిగితే ఆ మనిషి పేరు ఎత్తి ప్రార్థన చేయాలని మా సంఘంలో నేర్పారు. ఫోనులో గొంతు కోసం ఏమని ప్రార్థించాలి? ఆయన పేరు కూడా తెలియదు.

మా ఇంటాయన బాయిలో, అంటే భూగర్భ గనిలో, గాలి పోయే దారి మళ్లించడానికి గోడలు కట్టే పని చేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసిన తరువాత మెల్లగా కదిపాను.

"మనకు సుత వైఫై పెట్టియ్యాలె."

"మనకెందుకే? నువ్వు చూస్తే రెండు పాటలు చూస్తవ్."

"దేవుని పని కోసం."

"ఆ పని పక్కింట్ల మంచిగనే నడుస్తుంది గద!"

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ వారమే వైఫై పెట్టే అబ్బాయి వచ్చి స్తంభం నుండి వైరు లాగాడు. డబ్బా ముందు గదిలో పెడతానన్నాడు.

"ఈడ పెడితె రెండు దిక్కులా మంచిగొస్తదమ్మా. గోడ అవతలికి సుత పోతది."

"అవతలికి పోవుడు నాకు అవసరం లేదు తమ్ముడూ. వంటింట్ల పెట్టు, ఆ మూలకు."

"బియ్యం డ్రమ్ము ఎనకనా? ఆడ ఎవలు చూస్తరమ్మా, ఎలుకలా?"

అతడు ఎంత చెప్పినా నేను వినలేదు. మరిది ఇంటికి ఎంత దూరమైతే అంత మేలనుకున్నాను. సాయంత్రం అత్తమ్మను చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టి, యారాలి ఫోనులో వినే ఆ గొంతునే వెతికి పెట్టాను. రెండు వచనాలు చదివాడు. మూడోది సగంలో ఆగింది. తెర మీద చక్రం తిరిగింది. మళ్లీ ఒక మాట చదివి మళ్లీ ఆగాడు.

అత్తమ్మ ఫోను చెవి దగ్గరికి పెట్టుకుని చూసింది. "పెద్ద కోడలా, మీ ఇంట్లకు రాంగనే ఈయనకు సుత దమ్ము బట్టిందే!"

మా ఇంటాయన గుమ్మంలో కూర్చుని పకపక నవ్వాడు. "బాయిల మేం ఒక దిక్కు గోడ కడితె గాలి ఇంకో దిక్కు పోతది. నీ గాలి పక్కింటికీ పోలే, ముందర గదిలకూ రాలే. బియ్యం డ్రమ్ము కాడనే నిలవడ్డది."

మరునాడు ఆయనే డబ్బాను ముందు గదికి మార్చాడు. మేకు కొట్టడానికి వీలున్నది ఆ నడిమి గోడ ఒక్కటే. ఏం చేస్తాం, అక్కడే పెట్టాడు. ఇప్పుడు గొంతు ఎక్కడా ఆగలేదు. అయినా అత్తమ్మ కాసేపు విని చీర కుచ్చిళ్లు సర్దుకుంది, అటు పోవడానికి.

"మనింట్ల సుత వస్తుంది గదత్తమ్మా! వద్దంటే ఫోను పక్కకు పెడత, నేనే చదువుత."

"నువ్వు మంచిగనే చదువుతవ్ బిడ్డా. కని నడుమ నడుమ ఆగుతవ్. 'ఇన్నవా అత్తమ్మా, గిది చిన్న కోడలు ఇనాలె' అంటవ్. 'గిది నీకే చెప్పిండు దేవుడు' అంటవ్. ఆయన చదివి ఊకుంటడు."

సంఘంలో దాన్ని వివరణ అంటారు. వివరణ లేకుండా వాక్యం వినేవాళ్లకు అది ఎట్లా ఒంటబడుతుంది? ఈ మాట నేను ఆమె వెళ్లిపోయాక, ఖాళీ మంచానికి చెప్పాను.

నెల తిరగకముందే కోతుల గుంపు యారాలి ఇంటి మీద పడి వైరు లాగి తెంపింది. "స్తోత్రం" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగాను. ఇక అత్తమ్మ ఎక్కడికి పోతుందనుకున్నాను. కానీ పొద్దు గూకక ముందే యారాలు అత్తమ్మను వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, మా నెట్టు కోతుల పాలైంది. బాగు చేసేటోళ్లు ఎప్పుడొస్తరో ఏమో. జర నీ పాస్‌వర్డ్ చెప్పరాదూ? మీ డబ్బా గోడకే ఉండె గద, మాకు ఫుల్లు వస్తుంది."

"ఈడనే కూసొని ఇనొచ్చు గదా అత్తమ్మ?" అన్నాను.

"పిల్లలు ఆమె ఒళ్లె పండుకొని ఇంటరక్కా. వాళ్లు ఆడ, ఆమె ఈడ అంటే ఎట్ల?"

అత్తమ్మ చూపున్న కంటితో నన్ను చూస్తూ నిలబడింది. కూటంలో అందరికంటే పెద్ద ప్రార్థన చేసేదాన్ని, ఆమె ముందు లేదని ఎట్లా అంటాను? చెప్పాను. చిన్నప్పుడు నేను బహుమతి తెచ్చుకున్న అధ్యాయం, వచనం అంకెలే నా పాస్‌వర్డు. యారాలు ఒక్కొక్క అంకె కొట్టి "ఇవేం నంబర్లక్కా, బండివా?" అంది.

కాసేపటికి గోడ అవతల ఆ గొంతు మొదలైంది. నా ఇంటి డబ్బా నుండి, నా గోడ దాటి, నా అత్తమ్మ దగ్గరికి వెళ్తోంది. నేను ఊరుకోలేక గ్రంథం తెరిచి ఆ భాగాన్నే గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మంచిగానే చదివాను. ఒక్క ఒత్తు కూడా పోలేదు.

"పెద్ద కోడలా!" గోడ అవతల నుండి అత్తమ్మ కేక. "జర మెల్లగ చదువుకో బిడ్డా, ఈడ ఇనవడతలేదు!"

పిల్లలు కిలకిల నవ్వారు. యారాలు వాళ్లను "ష్" అంది. ఆ "ష్" నాకు నవ్వు కంటే ఎక్కువ తగిలింది.

లేచి డబ్బా దగ్గరికి పోయాను. వేలు స్విచ్ మీద పెట్టాను. నొక్కితే చాలు. కానీ వచనం నడుస్తోంది. వాక్యాన్ని సగంలో తెంపకూడదని నాకు చిన్నప్పటి నుండి శిక్షణ. వచనం అయిపోగానే నొక్కుదామనుకున్నాను. అతడు ఆగితే కదా! ఒకటి ముగిసీ ముగియకముందే ఇంకొకటి అందుకుంటాడు. ఆ విధంగా వేలు స్విచ్ మీద ఉంచి అధ్యాయమంతా నిలబడి విన్నాను. బాగా చదువుతాడు. ఈ మాట రాయడానికి కూడా నాకు ఇష్టంగా లేదు.

వాళ్ల వైరు ఇంకా బాగు కాలేదు. రోజూ ఆ వేళకు నా చెయ్యి స్విచ్ వైపు పోతూనే ఉంది. అందుకే ఇది చదువుతున్న మీరు ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఈ సాయంత్రం కూడా నా వేలును ఆపు. నా యారాలి నవ్వును నాకు చేదు చేయకు. ఆ పేరు తెలియని మనిషి గొంతును దీవించు, నేను దీవించలేకపోతున్నాను. అయితే తండ్రీ, నీకు అసాధ్యమైనది లేదు కదా, ఒక్కరోజు, ఒక్క అధ్యాయం, ఆ ముసలామెను నా పక్కన కూర్చోబెట్టు. నడుమ ఆగను. మీరు కూడా నాతో ఆమెన్ అనండి.