ఒక్కరికే వినబడే గరగర

2023 ఎండాకాలం. వనపర్తిలో నాది కారు ఆడియో దుకాణం. రోజంతా పాడైన స్పీకర్లు వినడమే పని కాబట్టి, పొద్దుగూకేసరికి ఇంట్లోవాళ్ల మాట కూడా వినబుద్ధి కాదు. అట్లాంటి ఒక సాయంత్రం తిమ్మప్ప మళ్లీ వచ్చాడు. అయిజ మనిషి. సొంత కారులో సోమశిలకు యాత్రికులను తిప్పి బతుకుతాడు. పక్కసీట్లో భార్య రామక్క ఉంది.

"అన్నా, కొత్తది ఏసినా గదే గరగర. కుడిపక్క డోర్ల నుంచే వస్తుంది. జర మంచిగ చూడు."

ఆ డోరులో స్పీకర్ అప్పటికే ఒకసారి మార్చాను. ఇక ఓపిక లేదు. అయినా ప్యానెల్ విప్పాను. కోన్, అంటే శబ్దానికి కదిలే కాగితపు గిన్నె, ఎక్కడా చిరగలేదు. వేళ్లతో మెల్లగా నొక్కితే లోపలి కాయిల్ రాసుకోవడం లేదు. కుడి స్పీకర్‌ను ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగించాను. స్పీకర్‌దే లోపమైతే గరగర ఎడమకు పోవాలి. తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు. వైర్లు మార్చినా అంతే, కుడివైపే అన్నాడు. నాకు మాత్రం ఒక్కసారీ వినబడలేదు.

"నీకు ఇనొస్తుందా చెల్లె?" అని రామక్కను అడిగాను.

"నాకైతే సాఫ్‌గనే ఉందన్నా. ఈయనకేందో తెల్వదు. ఇంట్ల గూడ ఆ పక్క నుంచి పిలిస్తే పలుకడు. కోపమొచ్చి పలుకుతలేడనుకున్న."

నా చేయి ఆగింది. తిమ్మప్పను డ్రైవర్ సీట్లోనే కారు వెనుక అద్దం వైపు తిరిగి కూర్చోమన్నాను. మళ్లీ అదే పాట పెట్టాను.

"ఇప్పుడు ఎటుదిక్కు?"

"ఎడమ డోర్ల..." అని ఆగిపోయాడు. గరగర డోరును కాదు, ఆయన కుడి చెవిని పట్టుకుని తిరిగింది.

"స్పీకర్ బాగనే ఉంది తిమ్మప్పా. చెవి చూపించుకో."

"నీకు చాతగాక నా చెవి మీదేస్తున్నవా?" అని కేకేశాడు. దుకాణం ముందున్నవాళ్లు ఇటు చూశారు. కాసేపటికి గొంతు తగ్గించాడు. "గీ సంగతి ఎవ్వరికి చెప్పకన్నా. డ్రైవర్‌కు చెవుడంటే బండి ఎవడెక్కుతడు?"

"నేనేమో ఉత్తగ తిట్టిన," అని రామక్క గొణిగింది. వెనక్కి తిరిగి కూర్చున్న ఆయన కుడి చెవి అప్పుడు ఆమె వైపే ఉంది. ఆ మాట ఆయనకు చేరలేదు.

గద్వాలలో చెవి డాక్టరు, నరం దెబ్బతిన్నదని, పోయింది రాదని, ఉన్నది కాపాడుకోమని చెప్పాడట. కొన్ని నెలలకు తిమ్మప్ప చెవికి మిషన్ పెట్టుకుని వచ్చాడు. బండి నడుపుతూనే ఉన్నాడు. "హారన్ ఇనొస్తుందన్నా. ఈమె తిట్టేది గూడ ఇనొస్తుంది," అన్నాడు. రామక్క నవ్వలేదు.

ఇప్పుడు ఎవరు వచ్చినా, స్క్రూడ్రైవర్ పట్టకముందు, పక్కనున్నవాళ్లకు కూడా ఆ గరగర వినబడుతుందా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఒక్కరికే వినబడితే, కారు అద్దాలెత్తి, పక్కన కూర్చుని, చెవి చూపించుకోమని మెల్లగా చెబుతాను. ఆ మాట నలుగురి ముందు చెప్పేది కాదని తిమ్మప్ప దగ్గరే తెలుసుకున్నాను.