స్వరూపకి ఔట్ లేని ఆట

మా చిన్నప్పుడు... ఓ సాయంత్రం ఏడుపెంకులాట జోరుగా సాగుతోంది. నేను విసిరిన బంతి గురి తప్పి స్వరూప వీపుకి తగిలింది. తను చేతిలో పెంకు కింద పెట్టేసి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ నడిచి వెళ్ళి, ఔటైనవాళ్ళు కూర్చునే బండ మీద కూర్చుంది.

"నీకు ఔట్ లేదు కదే, వచ్చెయ్" అన్నాను.

"నేను ఔటయిన" అంది. ఎంత పిలిచినా లేవలేదు. నాకేమీ అర్థం కాలేదు...

అప్పట్లో మేం గోపన్‌పల్లిలో స్వరూప వాళ్ళింట్లోనే కిరాయికుండేవాళ్ళం. దగ్గర్లోని యూనివర్సిటీలో నాన్నకి ఉద్యోగం రావడంతో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు తణుకు నుంచి వచ్చాం. తొంభైల చివరి మాట. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి... మావైపు మాత్రం ఎటు చూసినా బండలే. స్వరూపది నా ఈడే. పసితనంలోనే పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది.

ఏడుపెంకులాట తెలుసుగా... పేర్చిన పెంకుల్ని ఒక జట్టు బంతితో పడగొట్టి, మళ్ళీ పేర్చాలి. ఈలోగా రెండో జట్టు బంతితో కొడుతుంది. తగిలితే ఔట్. స్వరూప పరిగెత్తలేదు కాబట్టి మొదటిరోజే నేనో రూలు పెట్టాను. తను ఆటలో అరటిపండు... తగిలినా ఔట్ లేదు. తణుకులో చంటిపిల్లల్ని అలాగే ఆడించేవాళ్ళం. స్వరూప వాళ్ళమ్మ లక్ష్మమ్మగారు మురిసిపోయి, నాకు గిన్నెడు సకినాలు కూడా ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక గచ్చు మీద కూర్చుని అడిగాను, ఎందుకే అలిగావని.

"నన్ను ఎవ్వరు కొడ్తలేరు. తాకినా ఔట్ అంటలేరు. ఇగ నేను ఆడుతున్నట్టా, సూస్తున్నట్టా?"

సరే కదా అని మర్నాడు అందర్నీ కొట్టినట్టే దగ్గరికెళ్ళి బంతితో గట్టిగా కొట్టాను. బోర్లా పడింది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం... లక్ష్మమ్మగారు పరుగున వచ్చి, "కాలు సక్కగ లేని పిల్లను గట్ల కొడ్తవా బిడ్డా?" అన్నారు. మా అమ్మ ఆ గాయానికి పసుపు అద్ది, నా వీపు మీద రెండు అంటించింది. "జాలన్నది లేదుటే నీకు?"

జాలి చూపిస్తే స్వరూపకి కోపం... చూపించకపోతే అమ్మకి కోపం. మరి నేనేం చెయ్యాలి? బళ్ళో డ్రిల్లు సార్ని అడిగితే, "ఆ అమ్మాయిని కూర్చుని స్కోరు రాయమను" అన్నారు.

మూడు రోజులు లక్ష్మమ్మగారు తనని పంపలేదు. నాలుగోరోజు తల్లిని బతిమాలుకుని వచ్చింది. వస్తూనే పెంకులకి దూరంగా కట్టెపుల్లతో ఒక గీత గీసింది.

"నన్ను కొట్టేటోళ్ళు గీ గీత దాటొద్దు. ఈడికెళ్ళి కొట్టి తాకితే ఔటే. దాటొచ్చి కొడితే తొండి."

"మరి నాకెందుకు లేదు గీ గీత?" అన్నాడు ఎదురింటి యాదగిరి. అయినా ఆడాం. గీత దగ్గర్నుంచి నేను మూడుసార్లు విసిరితే మూడూ తప్పాయి. తను నేలమీద చతికిలబడి చకచకా ఏడు పెంకులూ పేర్చేసింది. గీత మరీ దూరంగా గీసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే...

ఆ తర్వాతి ఆటలో యాదగిరి విసిరిన బంతి తన భుజాన్ని రాసుకుంటూ పోయింది. ఔట్ అన్నాం.

"తాకలే. తొండి చేస్తున్నరు మీరు" అని పోట్లాటకి దిగింది. ఔట్ అనడంలేదని అలిగిన పిల్ల, అంటే ఒప్పుకోదు. తను అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. గొడవ విని లక్ష్మమ్మగారు గుమ్మం దాకా వచ్చారు. కాసేపు నిలబడి చూసి, లోపలికెళ్ళిపోయారు. చివరికి అందరం ఔటేనని తేల్చాం. తిట్టుకుంటూ వెళ్ళి బండ మీద కూర్చుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు...

తర్వాత నాన్నకి క్వార్టర్స్ వచ్చి వెళ్ళిపోయాం. ఆ బండల్ని పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. స్వరూప ఎక్కడుందో తెలీదు.

మొన్న మా అబ్బాయి స్కూల్లో స్పోర్ట్స్ డే. మా రోజుల్లో అయితే పక్కన కూర్చోబెట్టేసే పిల్లలకి ఇప్పుడు విడిగా పరుగుపందెం... అందరికీ మెడల్స్. కాలం ఎంత మారిందో అని కళ్ళు చెమర్చాయి. ఇంతలో వాకర్ పట్టుకుని నడుస్తున్న ఓ పాప టీచర్ని అడిగింది, "నేనెన్నో ప్లేస్ మేడమ్?"

"అందరూ ఫస్టే నాన్నా" అన్నారావిడ.

పాప పక్కనున్న పిల్లాడిని చూపించి మళ్ళీ అడిగింది... "అంటే వీడికంటే ముందా, వెనకా?"

ఆవిడ నవ్వి, పాప మెడలో మెడల్ సర్దారు.

మీ ఆటల్లోనూ ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ళనెలా ఆడించేవాళ్ళు? ఎలా ఆడతావని వాళ్ళనే ఎవరైనా అడిగారా? గుర్తుంటే కాస్త చెప్పండి...