చర్చి వెనక రెండు గదులు

వాన వెలిశాక తడిసిన తుంగచాపను ఎండలో పరిస్తే ఒక పచ్చివాసన వస్తుంది. యలమంచిలిలో నేను అద్దెకుంటున్న డాబా మీద మొన్న అది తగిలి, నన్ను నర్సీపట్నంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల వేళకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. అప్పుడు నేను ఐదో తరగతి. నాన్న చెరకు రైతు; తాగేవాడు. ఆ ఏడు చలికాలం మొదట్లో అమ్మ ఒక్కటే మాట చెప్పింది. "ఇంకోపాలి తాగొస్తే పిల్లల్నట్టుకుని కోటవురట్ల మా అమ్మోలింటికి ఎల్లిపోతాను. మరి రాను." అమ్మ ఉత్తినే ఏదీ అనదని నాన్నకీ, చెల్లికీ, నాకూ తెలుసు.

ఆసుపత్రిలో నర్సమ్మ మందుచీటీ వెనక రాసిచ్చింది: తాగుడు మానేవాళ్ల మీటింగు, చర్చి వెనక గది, ఆదివారం మూడు. నాన్నకు చదువు రాదు కనుక చీటీ నా చొక్కా జేబులో ఉండేది. సైకిలు ముందు కడ్డీ మీద నేను, వెనక తొక్కుతూ నాన్న, దారి పొడుగునా కోసిన వరిపనల వాసన, తెల్లగా పూత తీసిన చెరకు, ఎవరైనా ఎదురైతే ఎక్కడికని అడుగుతారేమోనని నాన్న తల వంచుకోవడం, ఇవన్నీ వరసగా గుర్తున్నాయి.

చర్చి వెనక గదులు రెండున్నాయి. చీటీలో ఏ గదో లేదు. తలుపు తీసి ఉన్న గదిలోకి నేనే నడిపించాను. లోపల తుంగచాపలు, ఒక హార్మోనియం, పదిహేనుమంది ఆడా మగా. ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చి, "రండి బావు, కూకోండి" అని నాన్న చేతిలో పాటల పుస్తకం పెట్టింది. నాన్న తలకిందులుగా పట్టుకున్న పుస్తకాన్ని నేను తిరగేసి సరిచేశాను. మా ఊరి రామభజనలో అరిగి పదునెక్కిన గొంతు ఆయనది. మూడో పాటకల్లా అందుకున్నాడు. ఎవరు మీరని అడిగితే బాగోదని వాళ్లూ, ఎందుకు పాడిస్తున్నారని అడిగితే బాగోదని మేమూ ఊరుకున్నాం. పాటలయ్యాక వాళ్ల పిల్లలతో గోలీలాడేవాణ్ణి. క్రిస్మస్ పండగ దగ్గర పడేకొద్దీ పక్కిళ్లలో నూనెలో వేగే గులాబీ పువ్వుల తీపివాసన అక్కడిదాకా వచ్చేది. పగిలినవి మా చేతుల్లో పోసేవారు.

"మందేటీ ఇవ్వరా?" అని అమ్మ అడిగింది.

"పాటే మందులాగుందే" అన్నాడు నాన్న.

నాలుగో ఆదివారం హార్మోనియం మాస్టారు నాన్న భుజం మీద చెయ్యేసి, పండక్కి లావు గొంతువాళ్ల వరసలో నిలబడమన్నారు. నాన్న మెల్లగా అడిగాడు. "ఇంకెన్ని వారాలు పాడితే పోద్దండీ?"

"ఏటి పోవడం?"

"తాగుడండీ."

పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. నాన్న చెయ్యి పట్టుకుని పక్క గది తలుపు తట్టారు. అక్కడ ఎనిమిదిమంది మగవాళ్లు, స్టీలు క్యాన్‌లో టీ, ఒక గిన్నెలో మరమరాలు. అక్కడ పేర్లు అడగరు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన పెద్ద. మాట్లాడేటప్పుడు ఇప్పటికీ స్టీరింగు పట్టుకున్నట్టే చేతులు పెట్టేవారు. "మూడు వారాలుగా గోడవతల నీ గొంతు ఇంటన్నాం. మనోడివని తెల్దు" అన్నారు. అంతా నవ్వారు, నాన్నతో సహా.

కానీ ఆ గదిలో పాట వెనక దాక్కోవడానికి లేదు. వారమంతా ఎలా గడిచిందో ఎవరికి వారు చెప్పాలి. నాన్న ప్రతిసారీ, "బాగానే ఉందండి" అని కూర్చునేవాడు. బయటికొచ్చాక, "ఆ పాటల గదే బాగుందిరా" అనేవాడు.

మాఘంలో మా బెల్లం వంట అయిపోయింది. ఆఖరి పెనం దించిన రోజు పనివాళ్లకి మందు పోయించడం మావైపు ఆనవాయితీ. నాన్న వాళ్లకు పోశాడు; తనూ తాగాడు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే అమ్మ మా బట్టలు సంచిలో సర్దింది. నాన్న మధ్యాహ్నం ఉతికిన చొక్కా వేసుకుని, "బేగి రారా" అన్నాడు నాతో. అమ్మ సంచి భుజాన వేసుకుంది. "నానూ వొస్తాను. అక్కడేటి సెప్తావో ఇని, బస్సెక్కాలో నేదో సూస్తాను."

నలుగురం ఆటోలో వెళ్లాం. అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని గది గుమ్మం దగ్గర కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు నాన్న లేచి నిలబడి చాలాసేపు చొక్కా గుండీ తిప్పాడు. "నిన్న తాగీసినానండి. ఎవులూ పొయ్యలేదు. నానే పోసుకున్నాను."

డ్రైవరు గారు చేతులు స్టీరింగు మీంచి తీసి గ్లాసులో టీ పోశారు. "అయితే ఇయ్యాల ఒకటో రోజు. కూకో."

అమ్మకు కూడా గ్లాసిచ్చారు. తాగి, సంచి నా చేతికిచ్చింది. "ఇంటికి అట్టుకురా. బరువుగుంది."

ఆ ఒకటో రోజు తర్వాత నాన్న తాగలేదు. ఇప్పుడా రెండు గదులూ లేవు. కొట్టేసి పెద్ద హాలు కట్టారు. డ్రైవరు గారు పోయారు. మీటింగు మరో వీధికి మారింది. నాన్న ఆదివారాలు వెళ్తూనే ఉన్నాడు.

పోయిన వారం ఊరు వెళ్లాను. సాయంత్రం లాప్‌టాప్‌లో పని చేసుకుంటుంటే గుమ్మంలో నాన్న చెప్పులు విప్పిన చప్పుడైంది. నేను తలెత్తలేదు. చిన్నప్పుడు ఆ చప్పుడుకు ఊపిరి బిగబట్టి, అడుగు తిన్నగా పడుతోందో లేదో వినేవాణ్ణి. ప్రతిదానికీ తేదీ వేసుకునే అలవాటున్న నేను, ఆ వినడం ఏ రోజు మానేశానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.