చచ్చాయని నేను ప్రకటించిన బ్యాక్టీరియా

రెండు భోజనాలతో నా పరువు, కడుపు ఒకేసారి ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. తప్పు మాత్రం నాది కాదు, ముందే చెప్పేస్తున్నా. తప్పు సంగటిది!

ఫ్యాక్షన్ రోజులు. జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు.

"నీళ్ల ట్యాంకులో బ్లీచింగ్ ఏయిస్తిమి. పురుగులన్నీ సచ్చినాయి" అంటాడు సర్పంచ్ ఓబులప్ప.

"యాడ సచ్చినాయి? కులాసాగా తిరుగుతాండాయి" అంటాడు ఎదుటి పార్టీ సుంకన్న.

ట్యాంకు మూయించి, సంగతి తేల్చమని ప్రొద్దుటూరు ల్యాబు నుంచి నన్ను పంపారు. కొత్త ఉద్యోగం, తలనిండా పాండిత్యం. ట్యాంకు కిందే ఉపన్యాసం దంచాను.

"బ్యాక్టీరియాలో డీఎన్ఏ ఓటర్ల జాబితా లాంటిది. మనిషి పోయినా పేరు ఉంటుంది. ఆర్ఎన్ఏ ఊపిరి లాంటిది. ప్రాణం పోతే కాసేపటికే అదీ పోతుంది. నేను చూసేది దాన్నే!"

"మా ఊర్లో సచ్చినోళ్లు ఓటు గూడా ఏస్తారు సార్" అన్నాడు సుంకన్న.

నీళ్లు వడగట్టి, ఆ వడపోత కాగితాన్ని ఐసుపెట్టెలో పెట్టాను. ఆర్ఎన్ఏ వేడికి నిలవదు, వెంటనే ల్యాబుకు చేర్చాలి. ఆ సంగతి ఓబులప్పకేం పట్టింది?

"సంగటి తినకుండా యాడికి పోతావు సార్? మా ఇంటికి అవమానం గాదా?"

తిన్నాను. బయటికొస్తే జీపుకు అడ్డంగా సుంకన్న మనుషులు.

"ఆ ఇంట్లో తింటివే! ఆయప్ప పార్టీనా?"

"నాకే పార్టీ లేదప్పా!"

"అట్లయితే మా ఇంట్లో గూడా తిను."

ఒక ఇంట తిని రెండో ఇంట తినకపోతే ఆ ఊళ్లో ఏమవుతుందో మీకేం తెలుసు? హాయిగా కూర్చుని చదువుతున్నారు! మళ్లీ సంగటి, మళ్లీ కోడి. వద్దన్నకొద్దీ వడ్డించారు. ఎండలో జీపు కాలింది, అందులో పెట్టెలోని ఐసు కరిగింది, ఆర్ఎన్ఏ కుళ్లిపోయింది. ల్యాబులో మిషన్‌కు ఏమీ కనబడలేదు. కనబడకపోవడాన్ని నేను చావు కింద లెక్కగట్టాను.

మర్నాడు ఆ ఊరికి తిరిగొచ్చి మైకులో, "ఒక్కటి కూడా బతికి లేదు!" అని చాటాను.

"సంపింది మా పార్టీనే!" అని ఓబులప్ప తొడ కొట్టాడు.

సుంకన్న ట్యాంకు నీళ్లు చెంబునిండా పట్టి నా చేతికిచ్చాడు. "ముందు నువ్వు తాగు సార్. నీకేం గాకుంటే మా పిల్లోళ్లు తాగుతారు."

ఊరంతా చూస్తోంది. గటగటా తాగేశాను.

రెండో రోజుకు జమ్మలమడుగు ఆసుపత్రిలో మంచమెక్కాను. నాయకులిద్దరూ పళ్లు పట్టుకుని ఒకేసారి వచ్చారు.

"అన్నీ సచ్చినాయంటివే సార్! మరి నిన్ను సంపుతాండేది ఎవురు?" అన్నాడు సుంకన్న.

ఓబులప్ప గాభరాగా చేతులూపాడు. "మావోళ్లు మాత్రం గాదు సార్, ఒట్టు!"

ట్యాంకు కడిగించారు. పిల్లలు బతికిపోయారు, మిషన్ చెప్పలేనిది నా కడుపు చెప్పింది. అందుకే ఆ కడుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఐసుపెట్టె ల్యాబు చేరేదాకా ఏ పార్టీ సంగటీ ముట్టను. తప్పనిసరైతే ఐసుపెట్టెకు కూడా పక్కనే విస్తరి వేయిస్తాను.