మేడమ్ కొన్న ఉగ్గుగిన్నె

మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఐదు నెలల పాపను, దాని పేరు కొట్టించిన ఉగ్గుగిన్నెను అమ్మ చేతిలో పెట్టి, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చాను. ఏడాది తర్వాత ఆ ఇంటివాళ్లు ఫ్రాన్స్‌లో నది మీద ఓడలో విహారానికి వెళుతూ, పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు.

ఓడ ఆగిన ప్రతి ఊళ్లోనూ మేడమ్ పాత వస్తువుల కోసం వెతికేది. ఒకరోజు సంతలో చిన్న ఇత్తడి గిన్నె కొని, నూనె దీపమనుకుని మురిసిపోతూ, తోమమని నాకిచ్చింది. చూస్తే ముక్కున్న ఉగ్గుగిన్నె! అంచు మీద చుక్కలతో కొట్టిన పేరు తెలుగులో ఉంది: చి. కాంతం. ఏ ఊరి, ఏ కాలపు పాపో!

"ఏం రాసుంది?" అని మేడమ్ అడిగితే, "తెలియదు" అన్నాను. చెబితే అక్కడే ఏడ్చేసేదాన్ని.

గదిలోకి వెళ్లి అమ్మకు వీడియో కాల్ చేశాను.

"అమ్మా, పాప ఉగ్గుగిన్నె ఓసారి చూపించవే."

"అదెప్పుడో అటకెక్కించేసేనే తల్లీ. నీ కూతురిప్పుడు ముద్దలు తింటంది. ఇంకా దాంతో పనేటి?"

నా బిడ్డకు ఉగ్గు పెట్టే రోజులు ఇక రావు. కువైట్ ఇంట్లో మేడమ్ అద్దాల బీరువాలో ఉన్న కాంతం గిన్నెను మాత్రం ప్రతి శుక్రవారం నేనే తుడుస్తాను.