పెద్దబాపు చదివిన పుస్తకాలు

హన్మకొండలో గ్రంథాలయ, సమాచార శాస్త్రం చదువుతున్న మా మనవరాలు మొన్న ఆదివారం వచ్చి, అచ్చయిన పరిశోధన వ్యాసమొకటి నా ముందు పెట్టింది. ఆ వ్యాసం చెప్పేదానికి ఆధారమేమిటి, ఆ ఆధారం మీద ఆ మాట నిలుస్తుందా లేదా తేల్చి రాయమని వాళ్ళ పంతులమ్మ పని అప్పగించిందట. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనగామ వైపు ఒక పల్లె పఠనాలయంలో ఎవరు ఏ పుస్తకాలు తీసుకున్నారో అక్కడి రిజిస్టరును బట్టి రాసిన వ్యాసమది. ఊరి పేరు దాచారు గాని, లింగాల ఘనపూర్ దారి, చావడి పక్క గది అనేసరికి అది మా ఊరేనని తెలిసిపోయింది. ఆ రిజిస్టరు రాసింది నేనే.

అందులో ఒక్క స్త్రీ పేరూ లేదు కాబట్టి ఆ ఊరి ఆడవాళ్ళకు చదువు మీద ఆసక్తి లేదని వ్యాసకర్త తేల్చేశాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఒక వ్యవసాయదారుడు అందరికన్నా ఎక్కువ పుస్తకాలు చదివాడని, బాలింతల ఆరోగ్యం, పసిపిల్లల పెంపకం గురించిన పుస్తకమైతే పదే పదే తీసుకున్నాడని, దీన్నిబట్టి అప్పటి మగవాళ్ళలో సంస్కరణ భావం ఎంత లోతైనదో తెలుస్తుందని పేజీడు మెచ్చుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వ్యవసాయదారుడు మా పెద్దబాపు, అంటే మా నాయినకు అన్న. పిల్లలు లేనివాడు, అక్షరం ముక్క రానివాడు.

అప్పుడు నాకు పదహారేళ్ళు. పఠనాలయం నడిపే మా మేనమామకు చూపు ఆనక రిజిస్టరు నాచేత రాయించేవాడు. మా అన్న దళంలో కలిసి మానుకోట దాటి భూపాలపల్లి అడవుల వైపు వెళ్ళిపోయాడు. మా వదిన చదువుకున్న మనిషి, మధ్యాహ్నం పనులయ్యాక వాడకట్టు ఆడవాళ్ళను చేరదీసి అక్షరాలు దిద్దించేది, కొందరు పుస్తకం పట్టి చదివేదాకా వచ్చారు. అడవి నుంచి వచ్చే చీటీలు ఏ ఇంట్లో ఎవరు చదివి వినిపిస్తున్నారో పోలీసులు ఆరా తీస్తున్నారని, పక్క ఊళ్ళో ఒకామెను జనగామ ఠాణాకు తీసుకుపోయారని తెలిసింది, చదువు వచ్చిన ఆడదైతే చాలు అనుమానించేవారు. ఆడవాళ్ళ పేర్లున్న పాత రిజిస్టరును పొయ్యిలో పెట్టి కొత్తది మొదలుపెట్టాం. మరి పుస్తకాలు ఎవరి పేరు మీద రాయాలి?

“నా పేరు రాయి బిడ్డా. నాకు సదువే రాదాయె, నన్నేం జేస్తరు?” అన్నాడు పెద్దబాపు.

ఆ మాట మాకెంత తెలివిగా తోచిందో చెప్పలేను. తన పేరు మీద పోయే పుస్తకంలో ఏముందో తనకు తెలియవద్దా అని, ఆయన తాడు పేనుకుంటూ ప్రతి పుస్తకాన్నీ నాచేత చదివించుకుని వినేవాడు. వాడలో నిండు చూలాలు ఎవరో ఒకరు ఉండేవారు గనుక ఆ పసిపిల్లల పుస్తకం ఎన్నిసార్లు వచ్చిందో, అన్నిసార్లూ విన్నాడు.

ఒకనాటి పొద్దున పోలీసు అమీను జవాన్లతో వచ్చి చావడిలో కూర్చుని, రిజిస్టరు తెప్పించి, ఊరి లెక్కలు రాసే పట్వారితో పేర్లు చదివించుకుని పెద్దబాపును పిలిపించాడు. ఎదురింటి గోడ వెనక వదినా నేనూ నిలబడ్డాం. మేం చేసిన పొరపాటేమిటో అప్పుడు తట్టింది నాకు. చదువు రాదని ఆయన అన్నాడంటే, మరి ఈ పుస్తకాలు ఎవరికోసం తీసుకపోయినవని అడగడూ? ఆ ప్రశ్నకు జవాబు నా పక్కనే, నా చేయి పట్టుకుని నిలబడి ఉంది. 

“గిన్ని పుస్తకాలు నువ్వే చదివినవా?” అన్నాడు అమీను.

“నేనే చదివిన సర్కార్.”

మా పెద్దబాపు నోట అబద్ధం వినడం నాకదే మొదలు. అమీను పక్క గదిలోని పఠనాలయం బీరువాలోంచి చేతికందిన పుస్తకం తీసి ఇచ్చి చదవమన్నాడు. ఎర్ర అట్ట, చరిత్ర పుస్తకం. పెద్దబాపు దాన్ని విప్పి, పుట్టిన బిడ్డకు తల్లిపాలే పట్టవలెనని, బాలింతను పస్తు పెట్టరాదని, నేను ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేదాన్నో అక్కడే ఆగుతూ చదవసాగాడు. అమీను ఉర్దూ చదువు చదివినవాడు, తెలుగు వింటే తెలుస్తుంది గాని అక్షరాలు తెలియవు. ఆ చావడిలో తెలుగు చదవగలిగింది పట్వారి ఒక్కడే, ఆయన ఏనాడూ మా మనిషి కాడు. కళ్ళద్దాలు సర్దుకుని పుస్తకంలోకి తొంగి చూశాడు. మా వదిన గోళ్ళు నా అరచేతిలో దిగాయి.

“సహీ చదువుతుండా?” అన్నాడు అమీను.

పట్వారి పేజీ కొసదాకా చూపు నడిపించాడు. “మంచిగనే చదువుతుండు సాబ్” అన్నాడు చివరికి. ఆయన కోడలు కూడా మా వదిన దగ్గర అక్షరాలు దిద్దుకునేది. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో నాకీనాటికీ తెలియదు. గీ ముసలోనికి పసిపిల్లల ముచ్చటేందని అమీను పగలబడి నవ్వి, రిజిస్టరు విసిరేసి లేచాడు. ఇంటికొచ్చిన పెద్దబాపు చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ తాడు పేనడానికి కూర్చున్నాడు.

ఇదంతా విని మా మనవరాలు, వ్యాసం తప్పేనన్నమాట, మరి దీనికి ఆధారమేదని అడిగింది. ఆధారాన్ని మేమే కాల్చుకున్నామని చెప్పాను. వ్యాసకర్తను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అమీను నమ్మాలని నేను కుదురుగా రాసిందే ఆయనా నమ్మాడు. పోరాటం ముగిశాక అన్న తిరిగొచ్చాడు, ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. అంతమందికి చదువు చెప్పిన మా వదిన చదివినట్టు మాత్రం ఎక్కడా లేదు, ఆమెను తుడిచేసింది నా చేయే.

“నువ్వు చెప్పుడే ఆధారం అమ్మమ్మా. ఎవరెవరు చదివిండ్రో పేర్లు చెప్పు, రాసుకుంట” అని మనవరాలు కలం తీసింది.

ఇప్పుడు ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారని అడగడానికి ఏ అమీనూ రాడు. ఆడపిల్ల పట్నంలో ఉండి పుస్తకాల చదువే చదువుకుంటోంది, మా వదిన చూస్తే ఎంత మురిసిపోయేదో. అవన్నీ నాకు తెలుసు. అయినా వదిన పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. లేచి వెళ్ళి, వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, అప్పుడు చెప్పాను.